అది అలా ఉంచండి గానీ

మొన్న మా ల్యాబులో ప్రయోగం పూర్తిచేసుకుని, హెడ్‌ఫోన్లు తీసి బల్లమీద పెడుతూ ఒక నర్సింగ్ విద్యార్థిని నన్ను అడిగింది.

"మేడమ్, చివరికి ఆ గేదె దొరికిందాండీ?"

నాకు తెలియదన్నాను. తెలిసిన మనిషి ఒక్కరే. ఆయన కిందటి వానాకాలంలో కన్నుమూశారు. ఆ మాట ఆ పిల్లకు చెప్పలేదు. మనిషి పోయాడంటే అయ్యో అని ఊరుకుంటుంది గానీ, గేదె సంగతి ఇక ఎన్నటికీ తేలదంటే తట్టుకోలేదని నా అనుమానం.

ల్యాబు అన్నానని పెద్దగా ఊహించుకోవద్దు. పటమటలో చెవి పరీక్షలు చేసే మా క్లినిక్కు వెనకాల ఒక గది. ముందు గదిలో మనుషులకు ఎంత వినపడుతోందో కొలుస్తాను. వెనక గదిలో, వినడానికి ఎంత కష్టపడుతున్నారో కొలుస్తాను. రెండూ ఒకటి కాదు. పెళ్ళిపందిట్లో బ్యాండు మోగుతుండగా ఫోన్లో మాట్లాడినవాళ్ళకు ఈ తేడా నేను చెప్పక్కర్లేదు. మాట వినపడుతుంది, తల మాత్రం వాచిపోతుంది. ఆ వాపును కొలవడానికి మేము కంటిపాపను చూస్తాం. బుర్రకు పని ఎక్కువైతే, గదిలో వెలుతురు ఏమాత్రం మారకపోయినా, కంటిపాప వెంట్రుకవాసి విచ్చుకుంటుంది. ఆ మనిషికి తెలియదు, ఎదుటివాళ్ళకు కనపడదు, కెమెరాకు కనపడుతుంది. చెవి సంగతి కంటిని అడగడమేమిటని మా అత్తగారు ఇప్పటికీ నన్ను అదోలా చూస్తారు.

ప్రయోగానికి వచ్చినవాళ్ళు గడ్డాన్ని ఒక చిన్న పీట మీద ఆనించి, కెమెరా వైపు చూస్తూ కూర్చుంటారు. చెవుల్లో ఒక వాక్యం వినిపిస్తాం. "తాతయ్య సంచీ నిండా వంకాయలు తెచ్చాడు" లాంటిది. అదే సమయంలో వెనకనుంచి మరో గొంతు ఏదో మాట్లాడుతూ ఉంటుంది. ఆ గొంతును పక్కకు నెట్టి, తాతయ్యను, వంకాయల్ని పట్టుకుని తిరిగి అప్పజెప్పాలి. అంతే పని.

ఆ వెనక గొంతు ఆయనది. గేదె కూడా ఆయనదే.

ఆయనకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఉండే ఉంటుంది గానీ, దాన్ని నేను ఎవరి నోటా వినలేదు. అందరూ "అప్రస్తుతం గారు" అనేవారు. ఆటోనగర్లో లారీ విడిభాగాల కొట్టు ఆయన్ని పోషించింది. ఆయన మాత్రం అవధానాల్లో అప్రస్తుత ప్రసంగాన్ని పోషించారు. అవధానం చూడనివాళ్ళ కోసం రెండు ముక్కలు చెబుతాను. వేదిక మీద అవధానికి ఎదురుగా, ప్రశ్నలడిగే పృచ్ఛకులు ఎనిమిదిమంది కూర్చుంటారు. ఒకరు ఫలానా అక్షరం వాడకుండా పద్యం చెప్పమంటారు. ఒకరు పొంతనలేని మాటలిచ్చి వాటితో పద్యం కుదర్చమంటారు. ఒకరు ఉన్నట్టుండి గంట కొడతారు, ఎన్ని కొట్టారో అవధాని లెక్క ఉంచుకోవాలి. పద్యాలన్నీ ఒక్కో చుట్టులో ఒక్కో పాదం చొప్పున చెబుతూ, నాలుగో చుట్టుకు పూర్తిచెయ్యాలి. కాగితం, కలం ఉండవు, అంతా తలలోనే. ఈ గందరగోళంలో అప్రస్తుత ప్రసంగి పని ఏమిటంటే, అవధాని మంచి ఊపులో ఉన్నప్పుడు అడ్డుపడి, అక్కర్లేని ప్రశ్న వేసి, ఆయన ఏకాగ్రతను చెడగొట్టడం. అవధాని దానికీ చమత్కారంగా జవాబు చెప్పి, వదిలేసిన పద్యం దగ్గరికి క్షేమంగా తిరిగి వెళ్ళాలి. ఒకడి ఏకాగ్రతను చెడగొట్టడానికి ఇంకొకడికి కుర్చీ వేసి, శాలువా కప్పి, దండ వేసి సత్కరించే జాతి మనదొక్కటేనని ఆయన గర్వంగా చెప్పేవారు.

ఆయన పద్ధతి ఒకటుండేది. సోంపు నములుతూ, కళ్ళజోడు తీసి ఉత్తరీయంతో తుడుచుకుంటూ, ఆ సభతో తనకేమీ సంబంధం లేనట్టు కూర్చునేవారు. అవధాని మూడో పాదం ఎత్తుకుని, ఒక్క మాట కోసం చెయ్యి గాలిలో ఆపగానే, కళ్ళజోడు పెట్టుకుని ముందుకు వంగేవారు.

"అది అలా ఉంచండి గానీ అవధాని గారూ..."

సభ అప్పటికే నవ్వడం మొదలుపెట్టేది.

"...మీరు సీతమ్మవారి కన్నీళ్ళు తుడవడం పూర్తయ్యేసరికి మా ఇంట్లో పాలు పొంగిపోయేట్టున్నాయి. ఒక్క నిమిషం ఆగి, స్టవ్వు ఆపమని మా ఆవిడకి మీరే ఫోన్ చేస్తారా? నేను చెబితే వినదండీ."

వేదిక దిగినా ఆ మాట ఆయన్ని వదిలేది కాదు. ఒకసారి పరామర్శకు వెళ్ళి, తండ్రి పోయి వెక్కివెక్కి ఏడుస్తున్న కొడుకు భుజం మీద చెయ్యి వేసి, "అది అలా ఉంచు గానీ నాయనా, మీ నాన్న ఆ మాగాయ ఎవరిచేత పెట్టించేవాడు?" అన్నారట. ఆ కొడుకు ఏడుపు ఆపి, కాసేపు ఆలోచించి, మేనత్త పేరు చెప్పి, ఆ మాగాయ కోసం తండ్రి ఆడిన దొంగాటలు గుర్తొచ్చి ఫక్కున నవ్వాడట. బంధువులు ఆయన్ని తిట్టుకున్నారు. కొడుకు మాత్రం కర్మకాండలన్నాళ్ళూ ఆయన్ని పక్కనే కూర్చోబెట్టుకున్నాడు.

వాళ్ళావిడ చెప్పిన కథ ఇంకా బాగుంటుంది. ఆవిణ్ణి నేను పిన్ని గారూ అని పిలుస్తాను. సన్నగా, నెమ్మదిగా, ఎవరినీ నొప్పించనట్టు మాట్లాడుతూనే మనిషిని నిలువునా కడిగేయగలరు.

"పెళ్ళిచూపుల్లో నన్ను పాట పాడమన్నారమ్మా. నేను కళ్ళు మూసుకుని రాగం తీస్తున్నా. 'అది అలా ఉంచండి గానీ, మీ వీధిలో కుళాయి ఎన్నింటికొస్తుందండీ?' అన్నారీయన. మా నాన్న నవ్వాపుకోలేక లోపలికెళ్ళిపోయాడు. నేను 'తెల్లారగట్ట వస్తుందండీ' అని చెప్పి, ఎక్కడ వదిలానో అక్కడే మళ్ళీ అందుకున్నా. 'పిల్ల గట్టిది, ఖాయం చేసుకోండి' అన్నారట వాళ్ళమ్మతో."

అంటే ఆయన జీవితంలో ఎదురైన మొదటి అవధాని ఆవిడేనన్నమాట.

నాకు ఆయనతో పని ఎలా పడిందంటే, ప్రయోగంలో వెనక గొంతు కోసం మొదట మా ఆయనచేత పేపరు చదివించి రికార్డు చేశాను. ఆ గొంతును పట్టించుకోకుండా ఉండడం నాకు ఎంత తేలికో, వచ్చినవాళ్ళకూ అంతే తేలికైంది. ఒకరిద్దరు నిద్రపోయారు. ఎవరి కంటిపాపా కదల్లేదు. ఏం చెయ్యాలో తోచక తిరుగుతున్న రోజుల్లో, మా అత్తగారు తోడు రమ్మని ఒక అవధానానికి లాక్కెళ్ళారు. అక్కడ ఈయన్ని చూశాను. సభ అయ్యాక వేదిక దగ్గరికి వెళ్ళి పరిచయం చేసుకున్నాను.

"బాబాయి గారూ, మా ల్యాబుకొచ్చి కాసేపు మాట్లాడతారా?"

"దేని గురించమ్మా?"

"దేని గురించీ వద్దండీ. ఎవరో ఏదో వింటుంటే మీరు వెనకనుంచి అడ్డం పడాలి. అంతే."

ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని నన్ను పరీక్షగా చూశారు. "ఇన్నేళ్ళకి నా చదువుకి తగ్గ ఉద్యోగం చెప్పావమ్మాయ్," అన్నారు.

రికార్డింగుకు పట్టుపంచె కట్టుకుని వచ్చారు. గొంతే కదండీ వినపడేదంటే, గొంతుకి తెలుస్తుందమ్మా అన్నారు. మైకు ముందు కూర్చుని ఎక్కడా తడుముకోకుండా మాట్లాడారు. బ్యారేజీ గేట్లు ఎత్తిన రోజు కొట్టుకొచ్చిన పనసకాయ గురించి, అలిగి లారీ ఎక్కి వెళ్ళిపోయిన వియ్యంకుడి గురించి, ఉయ్యూరు సంతలో తప్పిపోయిన గేదె గురించి. ఒక్క కథా పూర్తిచెయ్యలేదు. సరిగ్గా తేలబోయే చోట ఆపి ఇంకోటి ఎత్తుకునేవారు. అదేమిటండీ అంటే, "తేలిపోతే మర్చిపోతారమ్మా. తేలకపోతేనే గుచ్చుకుంటుంది," అన్నారు.

గుచ్చుకుంది. వచ్చినవాళ్ళ కంటిపాపలు విచ్చుకున్నాయి. అయితే తాతయ్య ఏం తెచ్చాడో చెప్పండని అడిగితే, "తాతయ్య సంగతి తెలీదండీ, వియ్యంకుడు తిరిగొచ్చాడా?" అని నన్నే ఎదురడిగేవారు. మా ప్రయోగాన్ని దూరంనుంచి పర్యవేక్షించే ప్రొఫెసర్ గారు ఆ రికార్డింగు విని ఫోన్ చేశారు. "నేను రొద పంపమంటే మీరు హరికథ పంపారేంటండీ?" అన్నారు. ఆ మాట ఈయనకు చెబితే, అంత మెప్పు తనకు ఏ సభలోనూ దక్కలేదని పొంగిపోయారు.

అప్పటినుంచి తాను సైన్సులో ఉన్నానని అందరికీ చెప్పుకోవడం మొదలుపెట్టారు. అంతటితో ఊరుకుంటే బాగుండేది. ఒక బంధువుల పెళ్ళికి జేబులో టార్చిలైటు వేసుకుని వెళ్ళి, పురోహితుడు మంత్రాలు చదువుతుంటే పెళ్ళికొడుకు కంట్లోకి వేసి చూశారట. తరవాత ఆడపడుచు కంట్లోకి, ఆపైన భోజనాల దగ్గర ఎవరు దొరికితే వాళ్ళ కంట్లోకి. మర్నాడు పొద్దున్నే నాకు ఫోన్.

"అమ్మాయ్, ఘోరం జరిగిపోయింది. మా బంధువుల్లో ఒక్కడికీ బుర్ర పనిచెయ్యట్లేదు. ఎవర్ని చూసినా కంటిపాప ముడుచుకుపోతోంది."

"లైటేస్తే ముడుచుకుంటుందండీ, ఎవరికైనా!" అని ఫోన్లో అరిచాను.

"సరే, ఈ సంగతి మా తోడల్లుడికి చెప్పకు. వాడొక్కడి విషయంలో మాత్రం నాకు ఇప్పటికీ అనుమానం లేదు," అని పెట్టేశారు.

ఆ తరవాత ఒకరోజు తనను కూడా యంత్రం ముందు కూర్చోబెట్టమని పట్టుబట్టారు. వెనకాల తన గొంతే ఉండాలన్నారు. "ఇంతమంది అవధానుల ఉసురు పోసుకున్నాను. అదెలా ఉంటుందో నేనూ చూడాలి కదా," అన్నారు. ఒక కంటికి శుక్లం తీయించుకున్నారు, రెండో కన్ను సైన్సుకి ఇస్తున్నానని చెప్పి గడ్డం పీట మీద పెట్టారు. నేను అవతలి గదిలో తెర ముందు కూర్చున్నాను. మొదట వెనక గొంతు లేకుండా వాక్యాలు మాత్రమే వినిపించాను. చదవడం రాని పిల్లలు కూడా చెప్పగలిగే వాక్యాలు. తెరమీద ఆయన కంటిపాప బస్తా మోస్తున్న మనిషిలా కనపడింది. పెద్దవయసులో కంటిపాప అంతగా విచ్చుకోదు. ఈయనది విచ్చుకుంది. కొత్త కదా, కంగారేమో అనుకున్నాను. తరవాత ఆయన గొంతునే వెనకనుంచి గట్టిగా పెట్టాను. కంటిపాప చిన్నదై, నిమ్మళంగా, కదలకుండా ఉండిపోయింది.

నాకు సంతోషం పట్టలేదు. పరుగెత్తుకెళ్ళి, "బాబాయి గారూ, మీ గొంతు మీకే అంటలేదండీ! ఇసుమంత శ్రమ లేదు మీకు!" అన్నాను. ఆయన నవ్వుతూ చేతులు జోడించారు.

ఆయన చెప్పిన జవాబులు తరవాత విన్నాను. తాతయ్య సంచీ నిండా వంకాయలు తెచ్చిన చోట, "మామయ్య సైకిలు మీద బందరు వెళ్ళాడు" అని ఉంది. పాప గుమ్మంలో ముగ్గు వేస్తున్న చోట, "పూజారి గారి స్కూటరు స్టార్టవడం లేదు." ఒక్కటీ మేము వినిపించింది కాదు. అన్నీ నిక్షేపంలాంటి వాక్యాలు, ఆయన సొంతంగా అల్లినవి.

వినడం తేలికైనప్పుడు కంటిపాప చిన్నగా ఉంటుంది. ఇక నావల్ల కాదని మనసు చేతులెత్తేసినప్పుడూ చిన్నగానే ఉంటుంది. పుస్తకాల్లో చదువుకున్న సంగతే. ఎదురుగా మనిషి నవ్వుతూ కూర్చుంటే గుర్తుకు రాలేదు, అంతే. ముందు గదిలోకి తీసుకెళ్ళి మామూలు చెవి పరీక్ష చేశాను. రెండు చెవులూ బాగా తగ్గాయి.

"ఎన్నాళ్ళనుంచండీ?" అన్నాను, మొహంలో మొహం పెట్టి, గట్టిగా.

"అది అలా ఉంచు గానీ అమ్మాయ్..." అన్నారు.

ఆగిపోయారు. ఆ మాట తరవాత ఆయనకు ఏమీ తోచకపోవడం నేను చూడడం అదే మొదటిసారి. సోంపు డబ్బా తీసి, తెరవకుండానే జేబులో పెట్టుకున్నారు.

"మైలవరంలో అవధానానికి ఒప్పుకున్నానమ్మా. వచ్చే ఆదివారమే. పద్యం అడిగేవాళ్ళకి చెవులక్కర్లేదు. వాళ్ళ ప్రశ్న వాళ్ళడిగి కూర్చోవచ్చు. నాకలా కాదు. అవధాని నోట్లో మాట ఎక్కడుందో తెలిస్తేనే కదా నేను అడ్డం పడేది! ఆ సభలో అందరికంటే శ్రద్ధగా వినాల్సినవాణ్ణి నేనే."

"హియరింగ్ ఎయిడ్ పెడతానండీ. ఇప్పుడు చాలా చిన్నవొస్తున్నాయి."

"వేదిక మీదా? కాగితమ్ముక్క కూడా ఉండని చోట చెవిలో మిషను పెట్టుకుని కూర్చుంటే ఏమంటారో తెలుసా? ఎవడో అవతలనుంచి ఫోన్లో జోకులందిస్తున్నాడంటారు. నామీద ఎన్ని నిందలైనా వెయ్యమను, సరుకు సొంతం కాదంటే మాత్రం చచ్చిపోతా." గొంతు తగ్గించి అన్నారు. "ఆ కుర్చీ కోసం ఒక కుర్రాడు కాచుకునున్నాడు. మంచివాడే. అదికూడా పోతే నాకింకేముందమ్మా? కొట్టు పిల్లలకిచ్చేశాను. ఇంట్లో నలుగురు మాట్లాడుకుంటుంటే మధ్యలో బొమ్మలా కూర్చుంటున్నా. మీ పిన్నికి మాత్రం చెప్పకు."

చెప్పనన్నాను. ఆ సాయంత్రమే పిన్ని గారు ఫోన్ చేశారు.

"ఏం తేలిందమ్మా, చెవుల సంగతి?"

"మీకు తెలుసా అండీ?"

"నేను గొణుక్కుంటూ తిడుతుంటే తలూపి నవ్వుతున్నారమ్మా, రెండేళ్ళనుంచి. వినపడే మొగుడెవరైనా నవ్వుతాడా?"

"మరి ఎప్పుడూ అనలేదేంటండీ ఆయనతో?"

"అంత కష్టపడి దాస్తున్నారు కదా. నేనెందుకు చెడగొట్టడం?"

మైలవరానికి నా కార్లోనే వెళ్ళాం. మా ఇద్దరి మధ్యా ఒక ఒప్పందం కుదిరింది. నేను ముందు వరసలో కూర్చుంటాను. ఆయన అడ్డం పడాల్సిన సమయం రాగానే చున్నీ సర్దుకుంటాను. అవధాని జవాబు చెప్పడం పూర్తవగానే ఇంకోసారి సర్దుకుంటాను. జనం నవ్వితే ఆయనా నవ్వుతారు. పిన్ని గారు నా పక్కనే, ఏమీ తెలియనట్టు కూర్చున్నారు.

మొదటి రెండు చుట్లూ దివ్యంగా నడిచాయి. నేను చున్నీ సర్దడం, ఆయన ముందుకు వంగడం, సభ గొల్లుమనడం. ఆ అవధాని కూడా సామాన్యుడు కాదు, వయసులో చిన్నవాడైనా మంచి చురుకైనవాడు. అప్రస్తుతం గారి సభ కదా, కాచుకుని ఉన్నాడు. మూడో చుట్టు మొదలవుతుండగా కరెంటు పోయింది. వేదిక వెనక కిటికీ కింద జనరేటరు మొదలైంది. ట్రాక్టరుని తెచ్చి హాల్లో నిలబెట్టినట్టుంది ఆ మోత. మాకే సగం వినపడటం లేదు.

వేదిక మీద ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నారు. తుడవడం అయిపోయింది. పెట్టుకోలేదు. వెనక్కి జారగిలబడి, ఎదురుగా గోడ వైపు చూస్తూ, ప్రశాంతంగా చిరునవ్వుతో ఉండిపోయారు. అంత దూరంనుంచి కంటిపాప కనపడదు, కెమెరా కూడా లేదు. నాకు అవి అక్కర్లేకపోయాయి, ఆయన మనసు చేతులెత్తేసిందని తెలిసిపోయింది. నేను చున్నీ సర్దాను. మళ్ళీ సర్దాను. కుడివైపు, ఎడమవైపు, లేచి నిలబడి కూడా సర్దాను. వెనక వరసలో ఎవరో "ఏంటమ్మా, పురుగేమైనా పాకిందా?" అని అడిగారు.

అవధాని మూడో పాదం ఎత్తుకుని, చెయ్యి గాలిలో ఆపి, అలవాటుగా ఆయన వైపు చూశాడు. ఏమీ రాలేదు. పాదం పూర్తిచేసి, ఇంకో పృచ్ఛకుడి పద్యం అందుకుని, మళ్ళీ చెయ్యి ఆపి చూశాడు. ఆయన చిరునవ్వు అలాగే ఉంది. అవధాని నుదురు తుడుచుకున్నాడు. ఏదో పెద్ద దెబ్బే రాబోతోందనుకున్నాడు కాబోలు, పద్యం మీద కంటే ఆయన మీదే ఎక్కువ దృష్టి పెట్టాడు. మూడోసారి చెయ్యి ఆపాడు, నోరు తెరిచాడు, ఆపైన మాట రాలేదు. "క్షమించాలి... రెండో పాదం ఏం చెప్పానో..." అన్నాడు.

సభ ఒక్క క్షణం నిర్ఘాంతపోయింది. అంతలో అధ్యక్షులు మైకు లాక్కున్నారు. "మాటలతో ఏకాగ్రత చెడగొట్టేవారిని ఎందరినో చూశాం. మౌనంతో చెడగొట్టినవారిని ఇవాళే చూస్తున్నాం!" హాలు లేచి నిలబడింది. చప్పట్లు జనరేటరుని మించిపోయాయి. అవధాని వచ్చి ఆయన కాళ్ళకు దణ్ణం పెట్టాడు. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, లేచి, అందరికీ నమస్కారం చేశారు.

తిరిగి వస్తుంటే ఆయన ముందు సీట్లో కూర్చున్నారు. కొండపల్లి దగ్గరపడుతుండగా నావైపు తిరిగారు.

"అమ్మాయ్, ఇందాక ఎందుకు అన్ని చప్పట్లు కొట్టారు?"

అద్దంలో పిన్ని గారిని చూశాను. ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. రోడ్డు పక్కన ఒక చెరుకురసం బండి దగ్గర కారు ఆపి, ఇంజను కట్టేసి, ఆయన వైపు తిరిగి గట్టిగా, నెమ్మదిగా జరిగిందంతా చెప్పాను. నా పెదవులు చూస్తూ విన్నారు. విని, ఒక్కసారిగా నవ్వడం మొదలుపెట్టారు.

"అయితే ఇన్నేళ్ళూ అనవసరంగా మాట్లాడానన్నమాట!"

సీటు ఊగేలా నవ్వారు. ఉత్తరీయంతో కళ్ళు తుడుచుకున్నారు. అలా తుడుచుకుంటూనే ఉన్నారు. ఎక్కడ నవ్వు అయిపోయిందో నాకు తెలియలేదు.

"ఇదే ఆఖరుదమ్మా," అన్నారు చివరికి.

"అదేంటండీ, ఇవాళేగా అంత పేరొచ్చింది!"

"అందుకే. ఒకసారైతే ఎత్తు అంటారు. రెండోసారైతే చెవుడంటారు."

పిన్ని గారు వెనకనుంచి వంగి ఆయన చెవి దగ్గర నోరు పెట్టారు. "నాకు రెండేళ్ళనుంచి తెలుసు లెండి. చెరుకురసం తాగుదామా అంటున్నా."

ఆయన నావైపు అనుమానంగా చూశారు. నేను కాదని తల అడ్డంగా ఊపాను. మళ్ళీ ఆవిడ వైపు చూశారు, చాలాసేపు. "నాకు అల్లం వెయ్యొద్దని చెప్పు," అన్నారు.

తరవాతి వారం తానే వచ్చి రెండు చెవులకూ హియరింగ్ ఎయిడ్లు పెట్టించుకున్నారు. వేదిక ఎక్కేది లేనప్పుడు ఇక ఎవడికి జడవాలన్నారు. పెట్టగానే ఫ్యాను చప్పుడు విని ఉలిక్కిపడ్డారు. ఇంటికెళ్ళాక ఫోన్ చేసి, "మీ పిన్ని నన్ను రోజుకి ఇన్ని తిట్లు తిడుతోందని ముందే చెప్పుంటే నేను పెట్టించుకునేవాణ్ణి కాదు కదమ్మా," అన్నారు. సభలవాళ్ళు పిలవడానికొస్తే రానని చెప్పి, ఆ కుర్రాడి పేరు చెప్పి పంపేవారు. గర్వమని కొందరనుకున్నారు. ఆయనకు ఆ కుర్చీ మీద ఎంత బెంగో నాకూ, పిన్ని గారికీ తెలుసు. ఆదివారం వస్తే మనిషి వీధి గుమ్మానికీ పెరటికీ తిరుగుతూనే ఉండేవారట.

కొన్ని నెలలకు భవానీపురంలో అవధానం ఉందంటే, ఇద్దరినీ బలవంతంగా తీసుకెళ్ళాను. మూడో వరసలో మా ఇద్దరి మధ్యా కూర్చున్నారు. వేదిక మీద ఆయన కుర్చీలో ఆ కుర్రాడు. మైలవరంలో తడబడిన అవధానే, ఈసారి నిబ్బరంగా ఉన్నాడు. కృష్ణ ఒడ్డున ఎవరికోసమో ఎదురుచూస్తున్న ఒక పడవవాడి మీద పద్యం అడిగారు. అవధాని మొదలుపెట్టాడు. నాకు పద్యాలు అంతగా తెలియవు గానీ, ఈయన మెడ మెల్లగా ముందుకు సాగడం చూశాను. చేతులు మోకాళ్ళ మీద బిగుసుకున్నాయి. మూడో పాదంలో అవధాని చెయ్యి గాలిలో ఆగింది.

"అవధాని గారూ, మీ వైఫై పాస్‌వర్డ్ ఏంటండీ?" అన్నాడు కుర్రాడు.

"ఎవడమ్మా వీడు! పద్యం విననివ్వడేంటి!" అన్నారు ఈయన.

నా చెవిలో రహస్యంగా అన్నాననుకున్నారు. హాలంతా వినపడింది. తలలన్నీ మావైపు తిరిగాయి, అందరూ ఆయన్ని గుర్తుపట్టారు, నవ్వులు మొదలయ్యాయి. ఆ కుర్రాడు లేచి నిలబడి, రెండు చేతులూ జోడించి, మళ్ళీ మాట్లాడకుండా కూర్చున్నాడు. అవధాని నవ్వు ఆపుకుని మూడో పాదం పూర్తిచేశాడు. ఆ కుర్రాడి మర్యాద ఎంత గొప్పదంటే, తరవాతి చుట్టులో ఆ పద్యం నాలుగో పాదం ముగిసేదాకా కూడా నోరు విప్పలేదు. ఈయన రెప్ప వెయ్యలేదు. ఆ మొహం తలుచుకుంటే నాకిప్పటికీ నవ్వొస్తుంది.

పద్యం అయిపోయాక మెల్లగా వెనక్కి వాలి, నావైపు తిరిగారు.

"వీళ్ళు ఇంత బాగా చెప్తారని ఇన్నేళ్ళూ నాకెవరూ చెప్పలేదేంటమ్మాయ్?"